నోబాల్

లోకోషెడ్డు ఫిట్టరు కోరుకొండ దాలయ్య
ఎడమచేతి వాటం.
వాల్తేరు రైల్వే గ్రౌండులో కొబ్బరిపీచు చాప పరిచి
చుట్టూ మేకులు కొట్టేదీ అతనే,
దానిమీద బంతి వేసేదీ అతనే.
ఉత్త కాళ్లతో.

నేను స్కోరు రాసేవాణ్ణి.
పెన్సిలు మొన నాలికకి తడుపుకుని
చుక్క, చుక్క, చుక్క, వికెట్టు.
షిప్‌యార్డు మీద ఎనిమిది, పద్దెనిమిది పరుగులకి.
డాల్ఫిన్ నోస్ దాటొచ్చిన గాలి
ఆ సాయంత్రం బంతిని ఎటు తిప్పిందో.
"గాలి పేరున రాసీండి బాబూ" అన్నాడు.

అరవై ఎనిమిదిలో గుంటూరు నుంచి ఉత్తరం.
అక్కడ పచ్చిక పిచ్. బూట్లు లేనిదే దిగనివ్వరట.
ఎవరివో అరువు బూట్లు, ఒక సైజు పెద్దవి,
ముందు గుడ్డలు కుక్కుకున్నాడు.
మొదటి ఆరు బంతుల్లో నాలుగు నోబాల్స్.
మర్నాడు మెయిల్లో దిగి
సరాసరి రెండో షిఫ్టుకి పోయాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆడాడు.
నా పుస్తకాల్లో ఆరొందల నలభై వికెట్లు.
రెండు పుస్తకాలు చెదలు తిన్నాయి,
అవి లెక్కలో లేవు.

మొన్న కంచరపాలెం మెట్ట దగ్గర,
చెప్పుల షాపులో కనిపించాడు,
మనవరాలి స్కూలు బూట్లకి లేసు కడుతూ.
"బొటనేలు తగుల్తందేటే?" అని
ముందు నొక్కి చూశాడు.
మళ్లీ నొక్కి చూశాడు.