చెప్పులు బయట

ఆటోనగర్‌లో సుభానీ మేస్త్రి
పాత స్కూలు బస్సు పొట్ట చీల్చి
మాకో ఇల్లు కట్టాడు.
వంటగట్టు, మంచం, మడిచే బల్ల,
కిటికీ ఊచకి కట్టేసిన కరివేపాకు కుండీ.
డోర్ నంబరు లేదు, బండి నంబరే చిరునామా.
వెనక అద్దం కింద ‘నిదానమే ప్రధానం’ అని
నేను అడక్కుండానే రాశాడు.
వెనకొచ్చేవాళ్ల కోసం రాశాడనుకున్నాను.

రామవరప్పాడు రింగు. మే నెల. పదకొండున్నర.
ఎండ నాకంటే ముందే స్టీరింగు పట్టుకుని కూర్చుంది.
ముందు ఆటోలు, పక్కన పాలవ్యాను,
సందు కనిపిస్తే దూరే బుల్లెట్లు.
ఇల్లంత బండిని తిప్పాలంటే
ఇల్లంత ఓపిక కావాలి.
ముప్పయ్యేళ్లు ఇసుక లారీ తోలినవాణ్ణి,
నా నోట్లో మాట కంటే ముందు హారన్ పుట్టింది.

వెనక తెల్ల కారు.
సీట్ల మీద ప్లాస్టిక్కు కూడా తియ్యలేదింకా.
మోగిస్తున్నాడు, ఆపకుండా మోగిస్తున్నాడు.
ఎడమ నుంచి దూరి ముందుకొచ్చి
అద్దం దించి
మా అమ్మని తలుచుకున్నాడు.
ఆవిడ పోయి పదకొండేళ్లు.
రోడ్డు మీద మాత్రం రోజూ ఎవడో ఒకడు
ఆవిణ్ణి నిద్ర లేపుతూనే ఉంటాడు.

అంతే.
వాణ్ణి డివైడరుకి నొక్కేద్దామని
ఏడు టన్నుల కోపాన్ని పక్కకి కోశాను.
కోసి, బ్రేకు తొక్కాను.

“ఏవండీ” అని వెనక సామ్రాజ్యం గొంతు.
ఆ తర్వాత గొంతు కాదు.
బియ్యం డబ్బా.
గిన్నెల బుట్ట.
ఇంకా తిరగ కలపని కొత్తావకాయ జాడీ.

లారీలో కోపమొస్తే ఇసుక ఒలికేది.
ఇసుక కోసం ఎవరూ ఏడవరు.

వాడూ ఆపాడు. దిగాడు. చేతిలో వీల్ పానా.
నా సీటు కింద ఇనప రాడ్డుంది, అబద్ధమెందుకు,
నా చెయ్యి అప్పటికే దాని మీదుంది.
వాడు నా వైపు రాకుండా
పక్క తలుపు లాగి మొదటి మెట్టెక్కాడు.

లోపల సామ్రాజ్యం,
మోచేతుల దాకా ఎర్రటి నూనె,
పెంకులేరుకుంటూ, తలెత్తకుండానే
గుమ్మంలో అడుగు చప్పుడైతే అనే మాట అనేసింది:
“చెప్పులు బయట విడువు నాయనా.”

నడిరోడ్డు మీద, అన్ని హారన్ల మధ్య
వాడు ఒక చెప్పు విడిచాడు.
“వద్దులే, వేసుకో. పెంకులున్నాయి, గుచ్చుకుంటాయి.”

ఒక కాలికి చెప్పు,
ఒక కాలికి రామవరప్పాడు తారు.
వాడు గెంతాడు.
నాకు నవ్వు రాలేదు. రావాల్సింది.

లోపలికి చూశాడు.
తీగ మీద ఆరేసిన నా బనీను,
సగం తరిగిన దోసకాయ,
క్యాలెండరు మీద బీపీ మాత్రల లెక్క.
పానా వీపు వెనక్కి పోయింది.
“ఇది ఇల్లా?” అన్నాడు.
“మరి?” అంది సామ్రాజ్యం.

తప్పయిందని వాడనలేదు. నేనూ అనలేదు.
పోతూ పోతూ నా కిటికీ దగ్గర ఆగి
“పెద్దోడివి, చూసి తోలు” అన్నాడు.
చెయ్యి మళ్లీ సీటు కిందికి పోయింది.
పోయి, ఊరికే ఉంది.

వారధి దాటి తాడేపల్లిలో ఆపుకున్నాం.
నూనె మీద శనగపిండి చల్లి
నేలంతా తుడిచింది.
పెంకు కలిసిందేమోనని ఆవకాయంతా పారబోసింది.
మజ్జిగన్నం తిన్నాం.
ఏమీ అనలేదు.
ఇరవై రెండడుగుల ఇంట్లో
ఆవిడ ఏమీ అనకపోవడం
మంచం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది.

నిద్రపట్టక దిగి
ఫోను లైటు వేసి వెనక్కి వెళ్లాను.
పొద్దున ఆ గందరగోళంలో
ఎవడో బుల్లెట్టువాడు రాసుకుపోయినట్టున్నాడు,
మొదటి అక్షరం లేదు.
‘దానమే ప్రధానం’ అని మిగిలింది.

సుభానీకి ఫోన్ చెయ్యాలి.
రేపు చేద్దామని రోజూ అనుకుంటున్నాను.
బ్రేకు పెడల్ ఇప్పటికీ ఆవఘాటు కొడుతుంది.
రాడ్డు సీటు కిందే ఉంది.