మూడో నంబరు గోదాము

సింధియా గేటు మీద వాన.
ఎనిమిదేళ్ల ప్రాజెక్టు ఇంకా
పదిహేడో సంతకం కోసం ఢిల్లీలో నిలబడి ఉంది.

ఇక్కడ ఓడకి పంపు సీలు కావాలి, తెల్లారేసరికి.
నూకరత్నం రిజిస్టరు తియ్యదు,
గ్రీజు వాసన పట్టుకుని నడుస్తుంది:
"నాలుగో అర, ఎడంపక్క. రెండే ఉన్నాయి నాయినా."

కొత్త ప్రోగ్రామరు జోగినాయుడు
మూడొందల పేజీల ఫైలు మూసేశాడు.
మూడు వారాలు ఆవిడ వెనకే తిరిగాడు.
టీ మోశాడు, తిట్లు తిన్నాడు,
పెట్టెల మీద మసి తుడిచి అంకెలు చదివాడు.
ఆఖరికి ఒక్క తెర రాశాడు,
ఆ ఒక్క అరకే.

కళ్లజోడు పైకి తోసుకుని చూసిందావిడ.
"ఇందల రెండంటన్నాది.
రాత్రి ఒకటిచ్చీసేను గదేటి?"

వాడు అక్కడే కూచుని దిద్దాడు.

ఎనిమిదేళ్లలో మొదటిసారి
ఒక తప్పు
సైరను కూసేలోగా
సరైపోయింది.