అడిగేవాళ్ల గొంతు

మైకులో హోరు పడుతోందని
ఏసీ ఆపించాను.
షార్జా, సజ్జా క్యాంపు, జూలై నెల.
ఊరందరికీ ఏసీలు బిగించే లింబాద్రి మామ
నా కెమెరా కోసం చెమటలో కూర్చున్నాడు.
పై మంచం మీది నైట్ డ్యూటీ మనిషి
దుప్పటి తన్నేసి అటు తిరిగాడు.

పద్దెనిమిదేళ్లు ఎలా గడిచాయి మామా అంటే
"ఏమున్నది బిడ్డా"
పదకొండు సెకన్లు గోడకేసి చూశాడు.
తర్వాత,
"నీకు ఉక్కపోస్తలేదా?"

అడిగేవాళ్ల గొంతు వినపడొద్దన్నారు సార్.
నా ప్రశ్నలన్నీ కోసేశాను.
ఆయన అడిగిందొక్కటే మిగిలింది,
దాని వెనకే
"లేదు మామా" అంటూ నా అబద్ధం.

అదీ తీసేస్తే
సరిగ్గా ఎనిమిది నిమిషాలు.
ఇంట్లో ఏసీ కింద
శాలువా కప్పుకుని
ఇందాకట్నుంచీ
డిలీట్ మీదే వేలు.