ముందుగాల జంపఖానా

కొత్తవాడ సంఘం ఆఫీసుల
నా టేబుల్ మీద ఇంకా ఉన్నదా కాగితం:
జంపఖానాలు నూట ఎనభై, నాలుగడుగులకు ఆరు,
నీలం మీద తెల్ల మెట్లు.
దిగే రేవు న్యూయార్క్.

బిల్లు రాసిన్నాడు సుంకం పది.
లారీ మడికొండ దాటినంక ఇరవై ఐదన్నరు.
ఓడ నడి నీళ్లల ఉండంగ యాభై.
ఓడకేం తెలుసు,
అదే బరువుతోని పోతనే ఉన్నది.

మొగిలికి చదువు రాదు, లెక్క వస్తది.
"నూరు రూపాయల బట్ట ఆడ నూటయాభై అయితదా?
ఆ యాభై ఎవలకు?"
వాళ్ల సర్కారుకు.
"కట్టేదెవలు?"
కొనేటోడు.
"మరి నా కూలెందుకు కోస్తున్నవ్?"
కొనేటోడు సగం నన్ను మోయమన్నడని
చెప్పాలె.
పెన్ను మూత పెట్టిన, తీసిన, మళ్ల పెట్టిన.

రంగుల అంకూస్ పొయ్యి ఆర్పి వారం.
మోచేతుల దాక నీలం మాత్రం పోలే.
బుచ్చక్క కండెలు చుడుతనే ఉన్నది,
చెయ్యి ఊకుంటే నొస్తదట.

రాత్రి కూసొని ఒప్పందం చదివిన.
ఒకరికి తలుపు తీస్తే అందరికీ తీయాలె, ఇది మొదటి మాట.
గీత గీసి ఒప్పుకున్న రేటు దాటొద్దు, ఇది రెండోది.
ఎంత మంచిగ రాసిన్రు!
మా ఇంటి పొత్తుల కాగితం గిట్ల రాసుకుంటే
మా చిన్నాయినతోని మాటలుండేవి.
అవుతల వాళ్లు అత్యవసరం అన్నరు.
గుంటల కాళ్లు పెట్టి
మొగిలి నేసిన నీలం బట్ట
ఒక దేశానికి అత్యవసర పరిస్థితి.

ఫిర్యాదు చేయొచ్చట.
జెనీవాల సరస్సు ఒడ్డుకు కచేరి.
కింది గదిల తీర్పు ఇస్తరు,
నచ్చనోడు పైకి అప్పీలుకు పోతడు.
పైన ఏడు కుర్చీలు.
గడువు తీరి ఒక్కొక్కరే లేచిపోయిన్రు,
కొత్తోళ్లను కూసోనియ్యలే.
అప్పీలు ఆ ఖాళీ గదిల పడి ఉంటది,
గెలిచినోడు ఓడినోడు ఇద్దరూ బయట.

ఇదంత ఒక దిక్కు.
ఆత్మకూరుల మా బామ్మర్ది సాంబరాజు పత్తి పెట్టిండు.
ఆ నెలనే మన సర్కారు
బయటి పత్తి మీద సుంకం ఎత్తేసింది,
మిల్లులు బతకాలె గదా అని.
నూలు సస్తా అయితదేమో అని
మొగిలి ముఖం జరంత తేటపడ్డది.
ఎనుమాముల యార్డుల సాంబరాజు
తేమ మిషను ముందట నిలబడి ఫోను చేసిండు:
"బావా, మన గోడ ఎందుకు కూలగొట్టిన్రు?"
పొద్దుగాల మొగిలి అడిగింది
వాళ్లు గోడ ఎందుకు కట్టిన్రని.
ఇద్దరికీ చెప్పేటందుకు నాకున్నది ఒక్క నోరు.
గోడ మంచిదో చెడ్డదో
ఆ దినం నుంచి ఎవలకూ చెప్తలేను.
రాత్రికి రాత్రి లేసే గోడను మాత్రం తిడుత.

రెండో లాటు ఆర్డరు రద్దయింది.
గోదాముల తొంభై జంపఖానాలు,
కలరా ఉండల వాసన.
మొన్న మొగిలి ఒకటి ఇప్పి నేల మీద పరిచిండు,
పోగు లేచిందా అని చేత్తోని నిమిరి చూసిండు.

"మా తాత నాడు పంచాయతి అంటే
ముందుగాల జంపఖానా పడాలె.
పటేలైనా చెప్పులు ఇడిసి
మా తాత ఎత్తుకే కూసునేటోడు.
అటెంక తగువు."

పటేలు నిజంగ కూసున్నడో లేదో
నాకు అనుమానమే. అడగలే.

"ఆ ఏడు కుర్చీలు ఖాళీ అంటివి గద.
తీసి అవుతల పెట్టుమను.
మన కాడ ఉన్నయి, ఒకటి పరుద్దాం."

నేను నవ్విన.
ఆయన నవ్వలే.
జేబుల నుంచి టేపు తీసి,
"ఆ గది కొలత ఎంతుంటది?" అన్నడు.