టేపు మొదటి అంగుళం

తెల్లవారకముందే పెరంబూరులో బండి తీశాను.
వెనక ఒస్వాల్డ్ గారు, ఆయన ఒళ్ళో
నాలుగు ముక్కలుగా విడదీసిన గాలపు కర్ర.
నా మెడలో కొలత టేపు.
ఆదివారమని దానికి తెలియదు.

వండుకోని చేపకి కొలతేమిటయ్యా అంటుంది మా ఆవిడ.
ఆ మాటే ఆయనతో అన్నానొకసారి.
"వండుకుంటే కొలతెందుకు,
కడుపే చెబుతుంది" అన్నాడు.

అడయారు దాటాక గాలికి ఉప్పు తగిలింది.
ముట్టుకాడు వంతెన కింద పోటు ఎక్కుతోంది,
మోకాలి దాకా, ఆపైన లుంగీ మడత దాకా.
గాలానికి కట్టిన ఈగ నా చేతి పనే:
కోళ్ళ అంగడి సెల్వం ఇచ్చిన పుంజు మెడ ఈక,
ఎవరిదో పెళ్ళి జాకెట్టులో మిగిలిన జరీ పోగు,
కొక్కెం ముల్లుని పట్టకారుతో నొక్కేశాం.

గడియారంలో పదికీ రెండుకీ మధ్య
ఆయన మోచెయ్యి ఆడుతుంది.
దారం వెనక్కి పోతుంది, ఆగుతుంది,
ఆ ఆగడమే విద్య అంటాడు.
వంతెన మీది కుర్రాళ్ళు అరవంలో నవ్వారు:
తాత గాలిని కొడుతున్నాడ్రా.

ఆయన చూపు నడుమ రెండేళ్ళుగా ఒక మచ్చ.
లోకం అంచులే మిగిలాయి.
నీళ్ళెక్కడ కదిలాయో నేను చెప్పాలి,
ఎడమకి, రెండు బారల అవతల, అదిగో.

రెండు జిలేబి చేపలు, అరచేతంతేసి.
వాటిని కొలవమనలేదు.
తర్వాత గంటన్నర ఏమీ లేదు.
ఊటీ వెనక చలి వాగుల గురించి చెప్పాడు,
ఒళ్ళంతా చుక్కలున్న ట్రౌట్ గురించి,
డెబ్బై ఒకటో సంవత్సరం, పదహారు అంగుళాలు, వదిలేశాను.
నోటుబుక్కులో ఆ పేజీ ఎక్కడుందో
ఆయన వేళ్ళకి తెలుసు.

అప్పుడు పడింది పండుగప్ప.
దారం కోసుకుపోతున్న చప్పుడు,
కొత్త గుడ్డ చించినట్టు.
ఆయన వెనక్కి వాలాడు, నేను నడుం పట్టుకున్నాను,
తిట్టుకున్నాం, ఏ భాషలోనో గుర్తు లేదు.

తడి గుడ్డ మీద పడుకోబెట్టాను. వెండి. ఎర్రటి కన్ను.
నా టేపుకి ఇత్తడి బిళ్ళ ఊడి
మొదటి అంగుళంలో సగం అరిగిపోయింది.
కొట్టులో ఎప్పుడూ ఒకటి దగ్గర మొదలెట్టి
చివర్లో ఒకటి తీసేస్తాను.
అలా చూస్తే పదిహేనున్నర.
అంచు దగ్గర్నుంచి చూస్తే, పదహారు.

ముప్పయ్యెనిమిది నడుముని
ముప్పయ్యారని పైకి చదవడం నాకు అలవాటే.
రాసుకునేది మాత్రం అసలు లెక్క.
గుడ్డ ఒంటికి పట్టాలి కదా.

"ఎంత?"
"పదహారు సార్."

ఆయన మాట్లాడలేదు. వంగి, చెయ్యి తడుపుకుని
మూతి నుంచి ఒక జాన పరిచాడు,
అక్కడ్నించి ఇంకో జాన.
చిటికెన వేలు తోక దాటి గుడ్డ మీద పడింది.
"రెండు జానలకి గోరంత తక్కువ.
నీ టేపు ఎవరి నడుము కొలుస్తోంది?"

నాకు చెవులు వేడెక్కాయి.
చేపని పోటుకి ఎదురుగా పట్టుకున్నాడు,
మొప్పలు తెరిచి మూసి, తెరిచి.
తోక ఒక్క తోపు తోసింది, అంతే.
ఖాళీ చేతులు కాసేపు అలాగే నీళ్ళలో ఉంచాడు.

"పదిహేనున్నర. రాయి."
రాశాను.
బండి దగ్గర టీ తాగుతూ, ఎండలోకి మొహం పెట్టి అన్నాడు:
"ఆ ట్రౌట్ రోజు నా దగ్గర కొలబద్ద లేదు.
కర్ర మీద కత్తితో గాటు పెట్టి, ఇంటికొచ్చి కొలిచాను.
గాటు కొంచెం మందంగానే పడింది."
కొట్టేయమంటారా అని అడగలేదు.
ఆయనా చెప్పలేదు.

సోమవారం మొదటి బేరం, బ్యాంకు ఆయన, సఫారీ సూటు.
టేపు చుట్టబోతే ఏడో అంగుళం మీద
ఎండిపోయిన పొలుసొకటి.
గోటితో గీకాను, రాలేదు.
"ఎంతుంది మేస్త్రీ?" అన్నాడు కడుపు లోపలికి పీల్చి.
ముందు ఊపిరి వదలండి సార్, అన్నాను.