పగిలినవి

పదకొండేళ్ళు ఈ వ్యానులో గుడ్లు మోశాను.
పార్వతీపురంలో తెల్లారకుండా ఎక్కించుకుని
కురుపాం మీదుగా గుణుపురం బజారుకి.
ట్రేకి ముప్పై. గొయ్యి కనబడితే ఊపిరి బిగబట్టడం.
సాహుగారు వ్యాపారం ఎత్తేసిన రోజున
నాకు రావలసిన నాలుగు నెలల జీతానికి
తాళాలు చేతిలో పెట్టారు.

అమ్మేద్దామన్నాను.
గున్నమ్మ వెనక తలుపు తీసి ఎక్కి
వట్టి రేకు మీద వెల్లకిలా పడుకుని చూసింది.
"ఇది ఇల్లయిపోద్ది."
ఇల్లు మనకుంది కదే అన్నాను.
"అది కదలదు."

కడగడానికే వారం పట్టింది.
సోడా, సబ్బు, నిమ్మతొక్కలు, చివరికి కిరసనాయిలు.
నీచువాసన సగమే పోయింది.
లోపలి గోడ మీద పెన్సిలు లెక్కలు, నా చేతివే:
పగిలినవి ఆరు, పగిలినవి రెండు,
ఓ మూల పగిలినవి సున్నా అని రాసి
కింద రెండు గీతలు కొట్టుకున్నాను.
ఆ రోజు ఏ దారిన వచ్చానో గుర్తులేదు.
అక్కడ మాత్రం రంగు వెయ్యలేదు.

దండపాణి మహారణా మా వీధి వడ్రంగి.
మంచాలు చేశాడు, ద్వారబంధాలు చేశాడు,
చక్రాల మీది పని మాత్రం ఇదే మొదలు.
వ్యాను చుట్టూ ఓసారి తిరిగి
"దేఖిబా" అన్నాడు బీడీ ఆర్పుతూ.
ఆ చూద్దాంలో అవుననీ లేదు, కాదనీ లేదు.

మంచం కొలత నేనే చెప్పాను.
జేబులో టేపుంది గానీ నా కంటికి తెలిసింది ట్రేలే.
పొడుగు అయిదు ట్రేలు, వెడల్పు నాలుగు.
ప్లైవుడ్డు కోసి, మేకులు దిగ్గొట్టాక
పడుకుంటే మోకాళ్ళు గెడ్డానికొచ్చాయి.
మహారణా నవ్వలేదు, పెద్దమనిషి.
గున్నమ్మ మాత్రం ఆగలేదు:
"గుడ్డులో పిల్లలాగ ముడుచుకో మరి."
ఇప్పుడు ఐమూలగా పడుకుంటున్నాం.

ఎండకి రేకు పెనమయిపోతుందని
పాత ట్రేలు యాభై పైకప్పుకి అంటించాను.
చల్లగానే ఉంది, పది రోజులు.
గాలికని కప్పుకి కన్నం పెట్టింది నేనే,
దానికి రబ్బరు తొడగడం మర్చిపోయిందీ నేనే.
వంశధార పొంగిన రాత్రి
అట్టలు నాని, ముద్దలు ముద్దలుగా
మా దుప్పటి మీద రాలాయి.
తెల్లారి ఇద్దరం చెరో గరిటెతో
కప్పు గోకుతూ కూర్చున్నాం,
ఒక్క మాటా అనుకోకుండా.
అనుకుని ఉంటే బావుండేది.

పసుపు పలక తీసి తెల్ల పలక పెట్టాలంటే
రాయగడ వెళ్ళాలి.
గుమస్తా కాగితం మీద వేలు పెట్టి అడిగాడు:
"సరుకు?"
ఏమీ లేదన్నాను.
"ఏమీ లేని బండికి ఇంత ఖర్చా?
ఇందులో ఏం వేసుకెళ్తావు?"
నా వెనకనించి గున్నమ్మ చెప్పింది, "ఆమె."
ఒడియాలో మేము అని.
నాకు మాత్రం తెలుగులోనే వినిపించింది.
గుమస్తా ఏం రాసుకున్నాడో మరి,
ముద్ర వేసి ఇచ్చేశాడు.

మొదటి రాత్రికి గుడారి దాటి
ఏటి ఒడ్డున చోడిచేను పక్కన ఆపాం.
దారంతా వెనకాల లారీలు హారన్లు,
ప్రతి మిట్ట దగ్గరా నా కాలు
దానంతటదే బ్రేకు మీదికెళ్ళింది.
"వెనక ఏటున్నాయని ఇంత నెమ్మది?"
చెప్పలేకపోయాను.
స్టవ్ వెలిగించబోతూ సంచి విప్పింది.
తువ్వాలులో చుట్టి తెచ్చిన గుడ్లు రెండు,
ఒకటి చితికి తువ్వాలంతా పసుపు.
నా మొహం చూసి, ఏమీ అనకుండా
డాష్‌బోర్డులో పెన్సిలు వెతికి
గోడ మీద, సున్నాకి కాస్త దిగువగా,
పగిలినవి ఒకటి అని రాసింది.
తారీకు ఇద్దరికీ గుర్తులేదు.
ఆదివారం అని వేసింది.