ఉప్పు కాగితం

గూడూరు రైలు గేటుకీ నిమ్మకాయల యార్డుకీ మధ్య
నా షెడ్డు ముందు
మూడ్రోజులుగా నిలబడుండాది పెంచలయ్య లారీ.
ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం టాటా బెంజి.
ఉప్పు కాగితం కొనుక్కొచ్చి
బక్కెట్టు నీళ్ళలో నానేసి
ఇంతవరకూ నేను దాన్ని ముట్టుకోలా.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఒకటే మాటన్నాడంట:
'ముందు రంగేసి తీసుకురా,
ఎఫ్‌సీ సంగతి అప్పుడు చూస్తా.'

హైవే మీద కొత్తగా హోటలు పెట్టినాయన
నిన్న కారు దిగి, బానెట్టు మీద చెయ్యేసి
'గీకబాకండి, ఇట్నే ఇచ్చేయండి' అన్నాడు.
వాకిట్లో నిలబెట్టి
చక్రాల చుట్టూ పూలకుండీలు పెట్టి
రాత్రిళ్ళు లైటేస్తాడంట.
తుప్పుకి రేటు కట్టే కాలం వచ్చింది.
పెంచలయ్య తల గోక్కున్నాడు.
'కుండీల మధ్య కూర్చోబెట్టేదానికా
ఇన్నేళ్ళు దీన్ని నడిపింది?'

రంగొద్దనే నేనూ చెప్పినా,
వేరే కారణాలు వెతికి.

చూడబ్బా,
ఈ కుడి తలుపు అంచున
రంగు పోయి ఇనుము మెరుస్తుందే,
అది నలభై ఏళ్ళు నీ మోచెయ్యి ఆనిన చోటు.
ఏ కంపెనీ డబ్బాలో దొరుకుతుంది ఈ రంగు?
పలకల సందుల్లో చూడు,
సైదాపురం గనుల నాటి అభ్రకం
ఎదురు లైటు పడితే ఇప్పటికీ మినుకుమంటది.
మడ్‌గార్డు పొడుగునా
ఇసకపల్లి ఉప్పు కొరికిన గాట్లు.
ఒక్కో మచ్చా ఒక్కో కిరాయి.
గీకితే
అన్ని కిరాయిలూ ఒక్క బక్కెట్లో పడిపోతాయి.

బాగానే చెప్పినాననుకున్నా.

క్యారేజీ తెచ్చిన కామాక్షమ్మ
ఆ గాట్ల మీద వేలు పెట్టి పొడిచింది.
వేలు లోపలికి పోయింది.
'మచ్చయితే ఊరకే ఉంటదన్నా.
ఇది తింటా ఉండాది.
ముసిలి గోడైనా వానకు ముందు సున్నం అడగదా?
తుప్పు బాగుందనేవాళ్ళకి
తుప్పు పట్టే లారీ ఉండదు.'
వేలికంటిన ఎర్రపొడి కొంగుకు తుడుచుకుని
మాకిద్దరికీ అన్నం పెట్టింది.
చేపల పులుసులో ముల్లు ఏరుకుంటా
బదులు కోసం వెతికినా. దొరకలా.

ఆ రాత్రి ఒక్కణ్ణే
టార్చి పట్టుకుని వెనక పలక దగ్గర కూర్చున్నా.
నిదానమే ప్రధానం.
ఆ 'ని' మీద గుడి,
ఒక్క ఊపులో 'ప'ని చుట్టి పైకి లేచిన క్రావడి.
కింద మూలన, చీమంత అక్షరాల్లో,
మస్తాన్, గూడూరు.
ఆ చేతికి అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలా.
స్కేలు లేదు, సుద్దగీత లేదు.
ఎడమ చేతిలో టీ గ్లాసు అట్నే ఉంది
కుడి చెయ్యి రాసుకుంటా పోయింది.

ఇప్పుడు టీ గ్లాసు పట్టుకోవాలంటేనే
రెండు చేతులు కావాలి.

లారీ పాతదనం కాదు
నేను కాపాడాలని చూసింది.

తెల్లారి పెంచలయ్యకి చెయ్యి చాపి చూపించినా.
అతను నవ్వలా.
'క్లచ్చు మీద నా కాలూ అంతే' అన్నాడు.
కాసేపాగి,
'అక్షరం వణికితే వణకనీలే,
దీని వెనకొచ్చేవాడికి
ఎట్నూ అదురుతానే కనపడతది.'
ఏం రంగని అడిగినా.
'పచ్చే.
ఇంకోటేస్తే యార్డులో కూలోళ్ళు
ఎవరి బండోననుకుని
మూటలు ఎక్కించరు.'

ఉప్పు కాగితం పిండి
మొదట నా పేరు మీదే పెట్టినా.
నేననుకున్నంత గట్టిదేం కాదు.
నాలుగు రుద్దులకి 'స్తా' పోయింది,
ఆరో రుద్దుకి ఊరు పోయింది.
కింద పసుపు, దాని కింద
గని కంపెనీ వాళ్ళేసిన ఎర్ర నెంబరు సగం,
ఆ కింద ఇనుము,
ఏమీ ఎరగనట్టు.

ప్రైమరు ఆరేదానికి రెండ్రోజులు.
అక్షరాలు ఆదివారం.
అందాకా
ఒక్క చేత్తో టీ తాగేది
అలవాటు చేసుకుంటా ఉండా.